దుప్పుల లెక్క, నల్లజీడి గుర్తు

ఇప్పలకోన అడవికి మూడు పక్కలా మూడు వాగులు, నాలుగో పక్క కొండ. ఆ నడుమ ఎంత నేలుందో అంతా పులి దొరసానిది. ఆమె మాటే అక్కడ చట్టం. వాగు దాటితే చట్టం వేరు, దొర వేరు. అవతలి ఒడ్డున చిరుతదొర ఏలుబడి.

వరసగా రెండేళ్ళు వానలు మొండిచెయ్యి చూపించాయి. గడ్డి ఎండింది, దుప్పులు పలచబడ్డాయి. ఉన్న కాసిన్నిటినీ ఎవడికి దొరికింది వాడు పట్టుకుపోతుంటే, ఒకరోజు దొరసాని చరియ మీదికెక్కి అడవి దద్దరిల్లేలా గాండ్రించింది.

"ఇకమీదట చీటీ లేనిదే వేట లేదు! దుప్పుల్ని ఏడాదికి రెండుసార్లు లెక్కపెడతాం. పది తలలకు ఒక చీటీ. మంద నలభైకి తగ్గిందా, ఒక్క చీటీ కూడా పుట్టదు. పందులంటారా, అవి పొదకొకటి ఉన్నాయి. పంది చీటీలు అడిగినవాడికి అడిగినన్ని. ఈ మాట నాకూ వర్తిస్తుంది, విన్నారా?"

అందరూ విన్నారు. చీటీల అధికారిగా నక్క నాంచారయ్యను పెట్టింది. అడవిలో అంత మాటకారి మరొకడు లేడు మరి. "దొంగచేతికి తాళాలిచ్చినట్టుంది" అని కోతులు కొమ్మల్లో గొణిగాయి గానీ, కిందికి దిగి ఆ మాట అనే గుండె ఏ కోతికీ లేకపోయింది.

నాంచారయ్య కింద గుమస్తా ఏదుపంది సూరప్ప. ఎండిన టేకాకు తీసుకుని, తన ఒంటిమీది ముల్లుతోనే దానికి బొక్క పొడవడం అతని పని. బొక్క పడితేనే అది చీటీ, లేకపోతే ఉత్త ఆకు. ఆ పనంటే సూరప్పకు ప్రాణం. ఆకు చిరగకుండా, ఈనె తెగకుండా, గుండ్రంగా చీమ పట్టేంత బొక్క పొడిచి, దాన్ని ఎండకేసి చూసుకుని మురిసిపోయేవాడు. అతనికున్న లోపం ఒక్కటే, భయం. ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, ముళ్ళన్నీ వాటంతటవే నిక్కబొడుచుకునేవి. చూసినవాళ్ళు "అబ్బో, సూరప్పకు కోపమొచ్చింది" అని తప్పుకునేవాళ్ళు. లోపల వణుకుతున్న సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి లెక్క రోజు వచ్చింది. అడవిలో నీళ్ళు మిగిలినవి మూడే చోట్లు: నేరేడు మడుగు, ఇప్పచెలమ, రాళ్ళగుంట. మూడు చోట్లా తిరిగి చూసి, కూడి, మొత్తం తేల్చాలని నాంచారయ్యే ఏర్పాటు చేశాడు.

నేరేడు మడుగు దగ్గర మంద నీళ్ళు తాగుతోంది. "ముప్పై ఏడు తల్లీ!" అని నక్క కేకేసింది. దొరసాని దూరంగా బండ మీద నుంచి తల ఊపింది. సూరప్ప తలకొక ఆకు చొప్పున పక్కన పేర్చాడు.

అక్కణ్ణుంచి ఇప్పచెలమకు రెండు దారులు. ఒకటి కొండ చుట్టూ తిరిగే బాట, రెండోది లోయలోంచి అడ్డదారి. "మీ మోకాళ్ళకు లోయ ఎందుకమ్మా, బాటన పోదాం" అంటూ నక్క ఆమెను చుట్టుదారిన నడిపించింది. దారి పొడవునా ఆమె తాతగారి వేటల గురించి, ఆమె చారల అందం గురించి ఆగకుండా చెప్పింది. ఇప్పచెలమ చేరేసరికి అక్కడా మంద ఉంది.

"ముప్పై ఆరమ్మా!"

సూరప్ప ఆకు తీయబోయి ఆగాడు. మందకు ముందు నిలబడ్డ ముసలి దుప్పికి ఎడమ చెవి చీలి ఉంది. అది పొడల పోలమ్మ. ఇందాక నేరేడు మడుగు దగ్గరా ఆమే ముందుంది. అప్పుడు తీరిగ్గా నీళ్ళు తాగుతోంది, ఇప్పుడు డొక్కలెగరేస్తూ రొప్పుతోంది. వెనక పొదల్లో రేచుకుక్కల ఎర్రటి వీపులు కదిలాయి.

రాళ్ళగుంట దగ్గరా పోలమ్మే. ఈసారి నోటివెంట నురగ.

"ముప్పై ఏడు! మొత్తం నూట పది! పదకొండు చీటీలమ్మా, మీ ఏలుబడి చల్లగుండ!" అని నక్క పాట ఎత్తుకుంది. ఓరగా చూసి, "సూరప్పా, ముల్లు కదలదేం? కళ్ళు మసకబారాయా?" అంది.

సూరప్ప ముళ్ళు లేచి నిలబడ్డాయి. నోరు మాత్రం లేవలేదు. "ఏం లేదండి అధికారిగారూ" అన్నాడు. పదకొండు ఆకులకూ పదకొండు బొక్కలు పొడిచాడు. ఆరోజు ఒక్క బొక్కా గుండ్రంగా రాలేదు.

పదకొండు చీటీలూ రేచుకుక్కల పెద్ద బసవడి గుంపుకే ముట్టాయి. ఎందుకు ముట్టవు? మందను లోయలోంచి మూడు చోట్లకూ తోలింది వాళ్ళే. చంపిన ప్రతి దుప్పిలోనూ ఒక తొడ నక్కదని ముందే ఒప్పందం. పంది చీటీలు కావలసినన్ని ఉన్నా బసవడు వాటి జోలికి పోడు. పందికి కోరలుంటాయి, దుప్పికి కాళ్ళే కదా ఉండేది!

మూడు రోజుల్లో రెండు దుప్పులు పోయాయి. నాలుగోరోజు ఎండ ఎక్కే వేళకు పోలమ్మ సూరప్ప బొరియ ముందుకొచ్చి నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. నోట కరుచుకొచ్చిన టేకాకును అతని ముందు వదిలింది.

"ఇది నా చెల్లెలి కూతురు పడ్డచోట దొరికింది. బొక్క నీదే కదా సూరప్పా?"

సూరప్ప ఆకును చూశాడు. వంకర బొక్క. "నాదే అక్కా."

"మేం ముప్పై ఏడుగురమే అని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"భయమేసింది."

పోలమ్మ ఆ ఆకును గిట్టతో పక్కకు జరిపింది. "నాకూ భయమేరా. పుట్టిన దగ్గర్నుంచీ భయంతోనే బతుకుతున్నాం. భయపడుతూనే నీళ్ళకెళతాం, భయపడుతూనే పిల్లల్ని కంటాం. భయం పోయాక చేద్దామనుకుంటే మా జాతిలో ఎవరూ ఏ పనీ చెయ్యలేరు" అంది. "మందలో పదకొండుగురు చూలుతో ఉన్నారు. ఇంకా తొమ్మిది చీటీలున్నాయి. ఆలోచించుకో."

ఆ పూట సూరప్ప దుంపలకు బయల్దేరాడు గానీ మనసంతా ఆ తొమ్మిది చీటీల మీదే. వెళ్ళి నిజం చెప్పేద్దామా? నాంచారయ్య నోటి ముందు తన నోరెంత? సాక్షులెవరు? బసవడి గుంపు నక్క వైపే పలుకుతుంది. పిల్లికి ఎలుక సాక్ష్యం చెప్పినట్టే ఉంటుంది. మాట సరిపోదు, కళ్ళకు కనబడేది కావాలి. బండ మీద నుంచి తల ఊపే దొరసాని మసక కళ్ళకు కూడా కనబడాలి.

ఆలోచిస్తూ నడుస్తుంటే కాలికింద కాయ ఒకటి చిట్లింది. చూస్తే నల్లజీడి. వాగు అవతల చాకిరేవులో చాకళ్ళు బట్టల మూల గుర్తుపెట్టేది ఈ జీడితోనే. ఎన్నిసార్లు ఉతికినా, బండకేసి బాదినా ఆ గుర్తు చెరగదు. సూరప్ప ఆ రేవు పక్క పొదల్లోంచి ఎన్నోసార్లు చూశాడు. అయితే చర్మానికి తగిలిందా, బొబ్బలెక్కి మంటలు. గిట్టకైతే ఏమీ కాదు, అది మొద్దుగోరే కదా.

సూరప్ప ఆ చెట్టు కిందే కూర్చుని చెయ్యాల్సింది రెండుసార్లు మనసులో చెప్పుకున్నాడు. తర్వాత పోలమ్మకు చెప్పాడు. ఆ తర్వాత దొరసాని గుహకు నడిచాడు.

అక్కడ నక్క ముందే కూర్చుని ఉంది.

"ఏం సూరప్పా, పిలవకుండా వచ్చావు?" అంది దొరసాని.

ముళ్ళు లేచాయి. లేస్తే లేచాయని సూరప్ప నోరు విప్పాడు. "అమ్మా, నిరుడు వాగు అవతలి చిరుతదొర మన దుప్పులు రెండు తనవేనని పట్టుకుపోయాడు. మనవని చెప్పడానికి మన దగ్గర ఆనవాలు లేకపోయింది. ఇప్పుడు నూట పది దుప్పులున్నాయి కదా. అన్నిటి గిట్టలకూ మీ ఏలుబడి గుర్తు వేసేస్తే వాగు దాటినా మనవి మనవే. ఇంకోసారి లెక్క పెడుతూ, అక్కడికక్కడే నేను గుర్తు వేస్తాను."

చిరుతదొర పేరెత్తగానే దొరసాని మీసాలు కదిలాయి. నిరుటి అవమానం ఆమె మరిచిపోలేదు. "ఇంత మంచి ఆలోచన నీకెందుకు రాలేదు నాంచారయ్యా?"

"నేనే చెబుదామనుకుంటున్నానమ్మా, నోటిదాకా వచ్చింది!" అంది నక్క. బయటికి వచ్చాక సూరప్ప వీపు తట్టబోయి ముళ్ళు చూసి మానుకుంది. "భేషుగ్గా ఉంది. గుర్తు దేంతో వేస్తావు? ఎర్రమట్టి జాజుతోనా?"

"ఏదో ఒకటి దొరక్కపోదు లెండి."

నాలుగడుగులు వెళ్ళాక నక్క బసవడితో గుసగుసలాడటం సూరప్ప చెవిన పడింది. "జాజో, బొగ్గో, ఏదైతేనేం! ఈసారి లోయలోంచి కాదు, వాగులోంచి తోలు. అవతలికి దాటించి మళ్ళీ ఇవతలికి. గిట్టలు తళతళలాడాలి."

మర్నాడే లెక్క. పొద్దు పొడవగానే నేరేడు మడుగు దగ్గర మంద బారు తీరింది. సూరప్ప ముల్లును జీడికాయలో గుచ్చి, కారిన నల్లటి రసంతో ఒక్కో దుప్పి కుడి ముందుగిట్ట మీద అడ్డగీత గీశాడు. దొరసాని దగ్గరగా వచ్చి చూసింది, గీత ఆమె కంటికి స్పష్టంగా ఆనింది.

"ముప్పై ఐదు" అన్నాడు సూరప్ప.

"మొన్న ముప్పై ఏడు కదా?"

"రెండు చీటీలు తెగాయి కదమ్మా" అని నక్క అందుకుంది. అక్కడిదాకా అది నిజమే.

చుట్టుదారిన బయల్దేరగానే నక్క కుంటడం మొదలుపెట్టింది. "కాలికి ముల్లు దిగిందమ్మా. సూరప్పదే అయ్యుంటుంది. మీరు పదండి, తీసుకుని వచ్చి కలుస్తా."

నక్క దారిలో లేకపోవడంతో తాతగారి వేటల గొడవ తప్పింది. దొరసాని, సూరప్ప బాట వెంట నడిచారు. సూరప్ప ధ్యాసంతా ఆ గీతల మీదే. కొత్తగీతలు కదా, ఆరకముందే వాగులో దిగితే? ఒకవేళ చాకళ్ళ జీడిలో వేరే మందేదైనా కలుపుతారా? సున్నం కలుపుతారని ఎక్కడో విన్నట్టుందే! అలా తలుచుకున్నప్పుడల్లా ముళ్ళు గలగలమన్నాయి.

"ఆ చప్పుడేమిటి సూరప్పా?"

"గాలమ్మా."

వాళ్ళు ఇప్పచెలమ చేరేసరికి మధ్యాహ్నమైంది. మంద అక్కడుంది, ఒళ్ళంతా తడి, డొక్కలెగరేస్తూ. ముందు పోలమ్మ. సూరప్ప కళ్ళు నేరుగా ఆమె గిట్ట మీదికి వెళ్ళాయి. గీత ఉంది! నీళ్ళలో నానినా నల్లగా నిగనిగలాడుతోంది.

"కానివ్వు, వీటికీ వెయ్యి" అంది దొరసాని.

సూరప్ప ముల్లు కింద పెట్టాడు. "వెయ్యడానికి చోటు లేదమ్మా. మీరే చూడండి."

దొరసాని వంగి పోలమ్మ గిట్ట చూసింది. పక్కదాని గిట్ట చూసింది. ఆ పక్కదీ చూసింది. ముప్పై ఐదు గిట్టలూ చూసేసరికి ఆమె తోక కొరడాలా ఇటూ అటూ కొట్టుకుంటోంది.

"నాంచారయ్యా!"

ఆ పిలుపుకు రేచుకుక్కలు పొదల్లోంచి తోకలు ముడుచుకుని బయటికొచ్చాయి. వాటి వెనక నక్క వచ్చింది. దాన్ని చూసి సూరప్పకు ఒక్క క్షణం ఎవరో గుర్తుపట్టడం కష్టమైంది. మూతి నల్లగా మాడిన బూరెలా ఉబ్బిపోయింది. పెదవులు వేలాడుతున్నాయి. కళ్ళు గీతల్లా మూసుకుపోయాయి.

"దొలతానీ!" అంది నక్క.

"ఏమంటున్నాడు?" అని దొరసాని అడిగింది.

"దొరసానీ అంటున్నాడమ్మా" అంది పోలమ్మ వినయంగా. "పాపం, వాగు దాటాక గీత పోలేదని ఒక్కొక్కరి గిట్టనూ నాకుతూ, మూతితో రుద్దుతూ ఇంతసేపూ ఒకటే చాకిరీ. నేనైతే కదలకుండా నిలబడ్డాను. 'ఇంకా బాగా నాకు నాయనా, అక్కడ కొంచెం మిగిలింది' అని చూపించాను కూడా."

కొమ్మల్లో కోతులు కిచకిచా నవ్వాయి. ఈసారి బాహాటంగానే.

నక్క వాచిన నోటితోనే తంటాలు పడింది. దాని మాటల సారాంశం, దుప్పులకు తిరుగుడెక్కువనీ, మొదటి మడుగు నుంచి వాటంతటవే ఇక్కడికి వచ్చి ఉంటాయనీ.

"నిజమే కావచ్చు" అంది దొరసాని. "అయితే మొన్నా అలాగే తిరిగి ఉంటాయిగా? మొన్న నూట పది అని కేకేసింది ఎవరు?"

నక్క తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. మూసుకోవడానికి ఆ నోరు సరిగ్గా మూతపడలేదు కూడా.

బసవడు ఇక లాభం లేదనుకుని ముందుకొచ్చి నేలకు కరుచుకున్నాడు. "తప్పయిపోయింది దొరసానీ. మందను తోలితే చీటీలన్నీ మాకే ఇస్తానన్నాడు. వేటకో తొడ తనకన్నాడు. ఆకలి మీదున్నాం, ఒప్పుకున్నాం."

"ఆకలి అందరికీ ఉంది. చూలు దుప్పుల్ని ఈ ఏడు తినేస్తే పైయేడు ఏం తింటావురా? రాళ్ళా?"

బసవడు తోక కాళ్ళ మధ్య దాచుకుని వెనక్కి జరిగాడు.

దొరసాని సూరప్ప వైపు తిరిగింది. "మొదటిరోజే నీకు తెలుసా?"

"తెలుసమ్మా." ముళ్ళు లేచాయి. ఈసారి అతను వాటిని పట్టించుకోలేదు. "భయపడి బొక్కలు పొడిచాను. రెండు ప్రాణాలు పోయాయి. అది నా తప్పే."

దొరసాని మెల్లగా కూర్చుంది. "తప్పు నీ ఒక్కడిదే అంటే నేను హాయిగా ఇంటికి పోవచ్చు" అంది. "చూపు ఆనడం లేదని రెండేళ్ళుగా నాకు తెలుసు. చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. బండ మీద కూర్చుని తల ఊపాను. కళ్ళు లేని దొరకు నక్కే కళ్ళజోడు అయింది."

తీర్పు అక్కడికక్కడే అయిపోయింది. మిగిలిన తొమ్మిది చీటీలూ రద్దు. వాటిని సూరప్ప అందరి ముందూ నమిలి మింగాడు. టేకాకు అంత కమ్మగా ఉంటుందని అతనికి అదివరకు తెలియదు. నాంచారయ్య పదవి పోయింది. మూతి మీది నలుపు పోయేదాకా ఏ వేటలోనూ వాటా అడగకూడదన్నారు. ఆ నలుపు ఎప్పుడు పోతుందో చాకళ్ళను అడగాలి! బసవడి గుంపుకు పంది చీటీలు ఇచ్చారు. మొదటివారం ఇద్దరు కుంటుతూ వచ్చారు, రెండోవారానికి పని నేర్చుకున్నారు. ఇకముందు లెక్క రోజున బండ మీద కూర్చోనని, మంద మధ్యలో నడుస్తానని దొరసాని చెప్పింది. దుప్పులు ఆ మాటకు తటపటాయించాయి గానీ, ఆ ఒక్కరోజుకు తన నోటికి చిక్కం వేసుకుని వస్తానని ఆమె ఒట్టుపెట్టుకుంది.

చీటీల అధికారి పదవి సూరప్పకిచ్చారు. "వద్దమ్మా, భయం" అన్నాడు. "అందుకే ఇస్తున్నా. భయం లేనివాణ్ణి ఒకసారి పెట్టి చూశాను" అంది దొరసాని.

ఆ ఏడు వానలు కరువుతీరా కురిశాయి. గడ్డి మోకాళ్ళెత్తు లేచింది. చూలు దుప్పులు ఈనాయి. కొన్ని కూనలు నిలిచాయి, రెండింటిని కొండచిలువ మింగింది, ఒకటి జ్వరంతో పోయింది. వానలు వెనకబట్టాక రెండో లెక్క పెట్టారు. మూడు చోట్లా ఒకేపొద్దు, గుర్తులు చూసుకుంటూ, కొత్త కూనలకు కొత్త గీతలు గీస్తూ. లెక్క తేలేసరికి సూరప్ప ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"నలభై మూడు" అన్నాడు పోలమ్మతో. గొంతులో సంతోషం దాగలేదు. అంతలోనే ఏదో గుర్తొచ్చి తల దించుకున్నాడు. "అంటే... నాలుగు చీటీలు అక్కా."

పోలమ్మ తలెత్తి మందను చూసింది. కూనలు తల్లుల డొక్కల కింద దూరుతూ, గెంతుతూ ఉన్నాయి. "నాలుగంటే నాలుగే కదా? నలభై కాదుగా?"

"నాలుగే."

"పొడువు మరి. పులులూ కుక్కలూ గడ్డి తినవుగా. నలభైమూడులో నాలుగంటే ఓర్చుకుంటాం, మేం మళ్ళీ కంటాం. ముప్పై ఏడును నూట పది అంటేనే ప్రాణం ఉసూరుమన్నది." ఆమె ఒక అడుగు వేసి ఆగింది. "వంకరగా పొడవకు. చక్కగా పొడువు."

సూరప్ప టేకాకు ఒకటి ఎంచి తీసుకున్నాడు. ముల్లుతో నెమ్మదిగా, ఈనె తెగకుండా బొక్క పొడిచి ఎండకేసి పట్టుకున్నాడు. గుండ్రంగా వచ్చింది. అటునుంచి వెలుగు సూటిగా అతని కంట్లో పడింది.

నీతి: చట్టం ఎంత గట్టిదైనా, భయపడుతూనైనా నిజం చెప్పే గుమస్తా ఒకడుంటేనే అది నిలబడుతుంది.